పాలు పడని పసివారు - రక్తపరీక్ష



మన యిండ్లలో పాలకున్నంత గౌరవము మఱియే ఆహారమునకును లేదు. క్రొత్తయింట అడుగిడునప్పుడు పాలు పొంగింతుము. నాగులచవితినాఁడు పుట్టలో పాలు పోయుదుము. కల్లకపటము లెఱుఁగని మనసును పాలవంటి మనసందుము. అట్టి పాలు త్రాగిన గడియలోనే యొక పసిబిడ్డకు ఒడలెల్ల దద్దురులు లేచి, పెదవులు వాచి, వాంతులై, ఊపిరి యాడక పోవుననిన వినువారికి నమ్మశక్యము కాదు. దిష్టి తగిలినదందురు కొందఱు. పాలు చెడినవందురు మఱికొందఱు. ఇది దిష్టియును గాదు, పాల దోషమును గాదు. పాలు మంచివే, బిడ్డయు ఆరోగ్యముగల బిడ్డయే. ఆ రెంటికి నడుమ పొత్తు కుదరలేదు. దీనినే వైద్యులు పాల ఎలర్జీ యనుచున్నారు.

ఈ వ్యాధిని కనిపెట్టుటకై బిడ్డ నెత్తురు కొంచెము తీసి, అందు పాలకు ప్రతికూలమైన ప్రతిరక్షకములు, అనఁగా యాంటీబాడీలు, ఉన్నవా యని చూచు పరీక్ష యొకటి నేఁడు వాడుకలో నున్నది. పరీక్షాఫలము ఒక కాగితముపై ఒక యంకెగా వచ్చును. ఆ యంకెను చూచి భయపడి, ఏ బాధయు లేని బిడ్డకు ఏండ్ల తరబడి పాలు, పెరుగు మాన్పించు తల్లిదండ్రులు కలరు. అంకె యేమియు లేదని నిర్భయులై, నిజముగా పాలు పడని బిడ్డకే పట్టి పోయువారును కలరు. రెండును అపాయకరములే. నేను వైద్యుఁడను కాను. బడిలో పిల్లలకు చదువు చెప్పినవాఁడను. అయినను ఒక గుర్తును బట్టి ఏమి నిర్ణయింపవచ్చును, ఏమి నిర్ణయింపరాదు అనునది కేవల వైద్యవిషయము కాదు, తర్కవిషయము కూడ. ఆ దారినే పోయి ఈ పరీక్ష పుట్టుకను, నడకను, దాని పరిమితిని మీకు మనవి చేసెదను.

ఎలర్జీ యను మాట ప్రాచీనమైనది కాదు. 1906 లో వియన్నా నగరమున శిశువైద్యుఁడైన క్లెమెన్స్ ఫన్ పిర్కే యను నాతఁడు రెండు గ్రీకు పదములను కలిపి దీనిని కల్పించెను. వాని యర్థములు అన్యము, క్రియ. ఒక పదార్థము ఒకమాఱు శరీరమును సోఁకిన పిమ్మట, మరల సోఁకినప్పుడు శరీరము మునుపటి యట్లు గాక అన్యవిధముగా ప్రవర్తించుట యని భావము. ఆ ప్రవర్తనకు కారణమైన ద్రవ్యము ఒడలిలో నెక్కడ నున్నదో అప్పటికి తెలియదు.

అది నెత్తుటిలోనే కలదని 1921 లో జర్మనీ వైద్యు లిరువురు తమ దేహముల మీదనే పరీక్షించి చూపిరి. అందొకఁడు హైన్జ్ క్యూస్ట్నర్. ఈతనికి వండిన చేప తిన్న దద్దురులు లేచును. రెండవవాఁడు కార్ల్ ప్రౌస్నిట్జ్. ఈతనికి చేపవలన నే బాధయు లేదు. క్యూస్ట్నర్ నెత్తుటి తేటను, అనఁగా సీరమును, ప్రౌస్నిట్జ్ చర్మములోని కెక్కించిరి. మఱునాఁడు అదే చోట చేపసారము నెక్కించఁగా అక్కడ దద్దురు పొంగినది. చేప నెఱుఁగని చర్మము చేపను ద్వేషించుట నేర్చికొనెను. ఒకని పగ మఱియొకనికి సీరముతోఁబాటు సంక్రమించినదన్నమాట. అట్లయ్యు ఆ ద్రవ్యమేదో, దాని రూపమేదో తెలియకయే నలువదియైదేండ్లు గడచినవి.

1966 లో అమెరికాలోని డెన్వర్ నగరమున జపాను దంపతులైన కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా అనువారు, ఒక మొక్క పుప్పొడి పడని రోగుల సీరమునుండి ఈ ద్రవ్యమును వేఱుపఱచి, అది అదివఱకు తెలిసిన ప్రతిరక్షకములలో నేదియు కాదని నిరూపించిరి. ఇంచుమించుగా అదే కాలమున స్వీడను దేశపు ఉప్సాలా నగరములో యోహాన్సన్, బెన్నిఖ్ అనువారు, ఎముకమూలుగు క్యాన్సరుతో బాధపడు ఒక రోగి నెత్తుటిలో వింతయైన ప్రోటీను నొకదానిని కనుగొనిరి. రెండు దేశములవారును తమ ద్రవ్యములను మార్చుకొని పోల్చి చూడఁగా, రెండును ఒకటే. 1968 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున దీనికి ఇమ్యునోగ్లోబులిన్-ఈ అని పేరు పెట్టిరి. క్లుప్తముగా ఐజీఈ యందురు. మన నెత్తుటిలోని ప్రతిరక్షకము లన్నింటిలో దీని పరిమాణమే మిక్కిలి స్వల్పము. ఇంత కాలము దొరకక దాఁగియుండుటకు అదియే కారణము.

ఇఁక ఇది చేయు పని వినుఁడు. ఆవుపాలలో నూటికి మూఁడుపాళ్లకు పైగా ప్రోటీనులు కలవు. వానిలో అయిదింట నాలుగు వంతులు కేసీను. పాలు విఱిగినప్పుడు గడ్డగా నేర్పడునది యిదియే. మిగిలినవి విఱుగుడు తేటలో నిలుచును. ఆ తేటలోని బీటా-లాక్టోగ్లోబులిన్ అను ప్రోటీను మనుష్యజాతి స్తన్యములో పుట్టదు. కొందఱు శిశువుల శరీరము ఈ పరప్రోటీనులను శత్రువులని పొరఁబడి, వానిని గుర్తించు ఐజీఈని తయారుచేయును. ఆ ఐజీఈ చర్మమునందును, ప్రేగులందును, ఊపిరితిత్తులందును కావలియుండు మాస్ట్ కణములను పట్టుకొని కూర్చుండును. తరువాత నెప్పుడైన పాలు లోనికి పోఁగా, పాలప్రోటీను ఆ ఐజీఈకి తగులుకొనును. తోడనే మాస్ట్ కణము తనలోని హిస్టమిను మొదలగు ద్రవ్యములను వెడలఁగ్రక్కును. దద్దురులు, వాపు, వాంతి, ఆయాసము అన్నియు దాని ఫలములే. ఇవి కొన్ని నిమిషములలో మొదలగును. సాధారణముగా రెండు గంటలు దాఁటవు. పలు యవయవములకు ఒక్కమాఱు సోఁకి ఊపిరి యాడకపోయినను, రక్తపుపోటు పడిపోయినను దానిని అనాఫిలాక్సిస్ అందురు. అప్పుడు ఆలస్యము ప్రాణాంతకము. తొడకండరమునకు ఎడ్రినలిన్ సూదిమం దిచ్చుటయే దానికి మొదటి చికిత్స.

రక్తపరీక్ష ఈ ఐజీఈనే వెదకును. బిడ్డ చేతి నరమునుండి కొంచెము నెత్తురు తీసి, సీరమును వేఱుచేయుదురు. పాలప్రోటీను నంటించిన యొక ఘనపదార్థముపై ఆ సీరమును పోయుదురు. పాలను గుర్తించు ఐజీఈ యున్నచో అది ప్రోటీనును పట్టుకొని నిలుచును, తక్కినదంతయు కడిగివేయఁబడును. పిదప ఐజీఈని పట్టుకొను మఱియొక ప్రతిరక్షకమును, ఒక గుర్తు తగిలించి, దానిపై పోయుదురు. 1967 లో ఉప్సాలా వారు ఈ పరీక్షను మొదట ప్రకటించినప్పుడు ఆ గుర్తు రేడియోధార్మికమైన అయొడిను. నేఁడు దానికి మాఱుగా వెలుఁగు నిచ్చు రసాయనములను వాడుచున్నారు. వెలుఁగెంతయో ఐజీఈ యంత. దానిని లీటరు సీరమునకు ఇన్ని కిలోయూనిట్లని వ్రాయుదురు. పూర్వము 0.35 కు తక్కువైనచో లేదనుచుండిరి; నేఁటి యంత్రములు 0.1 దాఁక గుర్తింపఁగలవు.

ఈ పరీక్షయందలి సుగుణములను ముందు చెప్పుదును. చర్మముపై పాలసారపు బొట్టు పెట్టి సూదితో గ్రుచ్చి చూచు పరీక్ష యొకటి కలదు. ఒడలెల్ల తామరతో నిండిన బిడ్డకు గ్రుచ్చుటకు తగిన చర్మమే దొరకదు. దద్దురులకు మందు మ్రింగుచున్న బిడ్డకు ఆ పరీక్ష సరిగా తేలదు. రక్తపరీక్షకు ఈ యడ్డంకులు లేవు. మందు మానవలసిన పనియు లేదు. పరీక్షవలన బిడ్డకు ఎలర్జీ రేఁగునను భయమును లేదు. ఇన్ని సుగుణములున్నవి. లోప మెక్కడ ననఁగా పరీక్షయందు కంటె దానిని చదువుటయందు.

తర్కశాస్త్రమున ప్రవేశము గలవారికి అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము పరిచితమే. కొండపై పొగ కనఁబడినచో అక్కడ నిప్పున్నదని యూహించుట సరియైన యనుమానము. ఏలయన, పొగ యున్న చోటనెల్ల నిప్పుండును. దీనిని త్రిప్పి, నిప్పున్నది కావున పొగ యుండితీరవలెననినచో అది హేత్వాభాస మగును. కొలిమిలో ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. పొగ పుట్టుటకు నిప్పొక్కటే చాలదు. దానికి తడికట్టె తోడి కూడిక కావలెను. ఈ తడికట్టెను శాస్త్రము ఉపాధి యన్నది.

మన విషయమునకు దీనిని అన్వయింతము. ఐజీఈ నిప్పు వంటిది. దద్దురులు మొదలగు బాధలు పొగ వంటివి. త్రాగినంతనే దద్దురులు లేపు పాల ఎలర్జీ యున్న చోట ఐజీఈ సాధారణముగా నుండును. కాని ఐజీఈ యున్న చోటనెల్ల ఎలర్జీ యుండదు. నెత్తుటిలో ఐజీఈ యుండియు, ప్రతిదినము పాలు త్రాగి, పెరుగన్నము తిని హాయిగా నాడుకొను పిల్లలు పెక్కండ్రు కలరు. వారు కాలిన యినుపగుండు వంటివారు. వైద్యులును ఈ స్థితిని ఎలర్జీ యనరు. సెన్సిటైజేషన్ అని వేఱు పేరు పెట్టిరి. ఆ ఐజీఈ పాలప్రోటీనులో నే భాగమును పట్టుకొనును, ఎంత గట్టిగా పట్టుకొనును, దాని పని కడ్డుపడు ఇతర ప్రతిరక్షకము లేపాటివి అనువానిపై పొగ పుట్టుటయు పుట్టకుండుటయు ఆధారపడియుండును. తామర గల పిల్లలయందు ఇట్టి పొగలేని నిప్పు మఱింత తఱచు.

మఱి తడికట్టె యున్నదో లేదో తెలియుట యెట్లు? బిడ్డ చరిత్రము వలన. ఏమి త్రాగెను? ఎంత త్రాగెను? త్రాగిన యెంతసేపటికి ఏమి కలిగెను? అది యెంతసేపుండెను? మరల త్రాగినప్పుడు అదియే కలిగెనా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పఁగలవారు తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ. ప్రయోగశాలలోని యంత్రమునకు ఈ సంగతులు తెలియవు. కావుననే తెలిసిన వైద్యుఁడు మొదట కథ యడుగును. నెత్తురు పిమ్మట తీయించును.

చరిత్రము లేకయే పరీక్ష చేయించుటవలన నేమి నష్టమో బడిలెక్కగా చేసి చూతము. ఇందలి సంఖ్యలు లెక్క కొఱకు నేను పెట్టికొనినవి. ఏ యూరిని లెక్కించి తెచ్చినవి కావు. 1000 మంది పిల్లలలో 10 మందికి నిజముగా పాల ఎలర్జీ యున్నదనుకొందము. పరీక్ష ఆ 10 మందిలో 9 మందిని పట్టుకొనునని, వ్యాధి లేనివారిలో నూటికి 10 మందిని పొరపాటున పట్టుకొనునని పెట్టుదము. వ్యాధి లేనివారు 990. వారిలో నూటికి 10 వంతున 99 మంది. మొత్తము ఉన్నదని తేలినవారు 108. అందు నిజముగా వ్యాధిగలవారు 9 మందియే. పండ్రెండుగురిలో ఒక్కఁడు! తక్కిన పదునొకండుగురికి నిష్కారణముగా పాలు మాన్పింతుము. ఇప్పుడదే పరీక్షను, పాలు త్రాగిన వెంటనే దద్దురులు వచ్చినవని కథ చెప్పిన 100 మందికి మాత్రమే చేయుదము. వారిలో సగము మందికి, అనఁగా 50 మందికి, నిజముగా వ్యాధి యున్నదనుకొనినచో, పరీక్ష అందు 45 మందిని పట్టుకొనును. వ్యాధి లేని 50 మందిలో 5 మందిని పొరపాటున పట్టుకొనును. ఉన్నదని తేలిన 50 మందిలో 45 మంది నిజమైన రోగులు. యంత్రము మాఱలేదు, సూది మాఱలేదు. ఎవరిని పరీక్షించితి మను నదియే మాఱినది. ఇదియే కాగితము రెండు చోట్ల రెండర్థము లిచ్చుటకు కారణము.

అంకె యెంత పెద్దదైన నిజమగు నవకాశము అంత హెచ్చు. ఇందు సందేహము లేదు. 2001 లో న్యూయార్క్ నగరపు వైద్యుఁడు హ్యూ శాంప్సన్ తన వైద్యశాలకు వచ్చిన పిల్లలను పరిశోధించి, పాల ఐజీఈ 15 కిలోయూనిట్లు, అంతకు మించినచో నూటికి 95 పాళ్లు నిజమైన ఎలర్జీయే యని తేల్చెను. అదే సంవత్సరమున స్పెయిన్ దేశపు వైద్యులు ఏఁడాది లోపు శిశువులకు 5 కిలోయూనిట్లే చాలునని చెప్పిరి. 2007 లో జపాను వైద్యులు ఏఁడాది లోపున 5.8, రెండవ యేఁట 38.6, రెండేండ్లు దాఁటినచో 57.3 అని లెక్క తేల్చిరి. ఈ మూఁడు లెక్కలలో ఏది నిజమని యడుగరాదు. తమ తమ చోట, తమ వద్దకు వచ్చిన పిల్లల విషయమున మూఁడును నిజములే. వయసు మాఱిన కొలఁది, చోటు మాఱిన కొలఁది కొలత మాఱునని వీనివలన నేర్వవలెను.

మఱియొక పొరపాటు కలదు. అంకె పెద్దదైన జబ్బు తీవ్రమని, చిన్నదైన తేలికయని పలువు రనుకొందురు. అంకె చెప్పునది జబ్బున్నదను సంభావ్యతను మాత్రమే. అది రేఁగినప్పుడు ఎంత తీవ్రముగా రేఁగునో చెప్పదు. చిన్న యంకె గల బిడ్డకును ప్రాణాపాయము కలుగవచ్చును.

ఇఁక కాగితముపై శూన్యము వచ్చినచో? అప్పుడును తొందరపడరాదు. పాలు పడకపోవుటలో ఐజీఈ దారి యొకటి మాత్రమే. కొందఱు శిశువులకు పాలు త్రాగిన కొన్ని గంటల పిమ్మట పలుమాఱులు వాంతులై, ఒడలు చల్లఁబడి నీరసించి పోవుట కలదు. కొందఱికి మలముతో నెత్తుటి చారలు పడును. వీనియందు ఐజీఈకి ప్రమేయము లేదు. ఎన్నిమాఱులు నెత్తురు తీసినను కాగితము సాధారణముగా శూన్యమే చూపును. డెన్మార్కు దేశమున 1985 లో పుట్టిన శిశువులను వెంబడించి చేసిన పరిశోధనలో నూటికి 2.2 వంతున పాల ఎలర్జీ కనఁబడినది. వారిలో దాదాపు సగము మందియందే ఐజీఈ మార్గము గలదు. ఇంతేకాక, పాలలోని చక్కెర జీర్ణము కాక కడుపుబ్బరము, విరేచనములు కలుగుట పూర్తిగా వేఱొక విషయము. అది ఎలర్జీయే కాదు. దానికి ప్రతిరక్షకములతో సంబంధము లేదు. దానివలన ప్రాణాపాయమును లేదు. ఈ రెంటిని ఒక్క గాటను కట్టుట మన వాడుకలో నున్న పెద్ద గందరగోళము.

ఐజీఈ కానట్టి ఐజీజీ యను మఱియొక ప్రతిరక్షకమును పరీక్షించి, ఇన్ని తినుబండారములు నీకు పడవని పెద్ద పట్టిక నిచ్చువారును కలరు. మనము దేనిని తినుచున్నామో దానికి ఐజీజీ పుట్టుట సహజము. అది పరిచయమునకు గుర్తు, పగకు గుర్తు కాదు. యూరపు ఖండపు ఎలర్జీ వైద్యుల సంఘము 2008 లోనే ఈ పరీక్షను ఆహారపు ఎలర్జీ నిర్ణయమునకు వాడరాదని ప్రకటించినది. అట్టి పట్టికను నమ్మి పిల్లల కంచములోని యన్నము తీసివేయకుఁడు.

నెత్తురును చరిత్రమును ఒకదానితో నొకటి పొసఁగనప్పుడు నిర్ణయ మెట్లు? మన ప్రాచీనులు ప్రమాణములలో ప్రత్యక్షమును జ్యేష్ఠప్రమాణమనిరి. ఇక్కడను అంతే. వైద్యశాలలో, మందులు సిద్ధముగా నుంచుకొని, వైద్యుని కన్నుల యెదుట బిడ్డకు పాలు పట్టి చూచుటయే తుది పరీక్ష. మొదట కొన్ని బొట్లు. పదునైదిరువది నిమిషములు లేక అరగంట వేచి మఱికొంచెము. ఇట్లు మెట్టు మెట్టుగా వయసునకు తగిన పూర్ణపరిమాణము వఱకు. ఏ మెట్టున నే గుర్తు కనఁబడినను ఆపివేయుదురు. త్రాగునది పాలో కావో బిడ్డకుఁ గాని వైద్యునికిఁ గాని తెలియకుండ మాటుపఱచి చేయు పద్ధతియు కలదు. 1976 లో డెన్వర్ నగరమున చార్లెస్ మే యను వైద్యుఁడు ఆ పద్ధతిని పిల్లల విషయమున ప్రవేశపెట్టెను. నిర్ణయములలో నెల్ల ఉత్తమముగా నేఁటికిని అదియే పరిగణింపఁబడుచున్నది. దీనిని ఇంటిలో నెవ్వరును ప్రయత్నింపరాదని మాత్రము గట్టిగా చెప్పుచున్నాను. వెనుక తీవ్రముగా బాధపడిన బిడ్డ విషయమున, కథయు అంకెయు రెండును ఏకీభవించినప్పుడు, ఈ పరీక్ష చేయకయే నిర్ణయింతురు.

ఈ తుది పరీక్ష చేయకపోవుటవలన నెంత నష్టము కలుగుచున్నదో చూపు పరిశోధన యొకటి డెన్వర్ నుండియే 2011 లో వెలువడినది. రకరకముల ఆహారములు పడవని నిర్ణయింపఁబడి, వానిని మానియున్న 125 మంది పిల్లలను చేర్చుకొని, తినిపించి చూచిరి. వారిలో తామర గలవారే ఎక్కువ. వారి పథ్యము పలుమాఱు నెత్తుటి యంకెలపై నిలిచినది. తినిపించి చూచిన పరీక్షలలో నూటికి 89 పాళ్లలో నే బాధయు కలుగలేదు. అనఁగా ఆ పిల్లలు తినఁదగిన యన్నమునే తినక పస్తున్నారు.

పస్తు అను మాటను ఊరక వాడలేదు. పసిబిడ్డకు పాలు కేవల పానీయము కావు. మాంసము పెంచు ప్రోటీనును, ఎముక పెంచు కాల్షియమును అవియే. పాలు పడవని మాన్పించి, వాని స్థానమున తెల్లగా నుండుటయే గుణముగా గల బియ్యపు పానీయమును పట్టిన శిశువులకు, కఱవు నేలలలో కనఁబడు క్వాషియోర్కర్ అను పోషణలోపవ్యాధి కలిగినట్లు అమెరికా వంటి సంపన్నదేశము నుండియే 2001 లో వైద్యులు ప్రకటించిరి. కావున మాన్పించుట యెంత ముఖ్యమో, బదులు తగినది పెట్టుట అంతకంటె ముఖ్యము. బదులేమి పెట్టవలెనో వైద్యునే యడుగవలెను. తల్లిపాలను మాత్రము ఎవరి మాట మీదను మాన్పింపరాదు. అవసరమైనచో వైద్యుని సలహాపై తల్లియే కొంతకాలము పాడి మానుకొనును; బిడ్డ చన్ను మానదు.

మన యిండ్లకు సంబంధించిన మాటలు కొన్ని చెప్పవలసియున్నది. ఆవుపాలు పడకున్న మేకపాలు పోయుఁడని పెద్దలు చెప్పుట కద్దు. మేకపాల ప్రోటీనులు ఆవుపాలవానికి దగ్గఱ చుట్టములు. ఆవుపాలు పడనివారిలో పదింట తొమ్మిదిమందికి మేకపాలును పడవు. గేదెపాలును ఆ వంశములోనివే. పాలు పెరుగైనంత మాత్రమున ప్రోటీను పోదు. మజ్జిగలో పలుచఁబడును గాని పోదు. కాఁచిన పాలలోను కేసీను చెక్కు చెదరక నిలిచియుండును. నేయి క్రొవ్వే యైనను దానిలో ప్రోటీను లేశములు మిగిలియుండవచ్చును గావున, మిక్కిలి సున్నితమైన బిడ్డకు వైద్యుని యడిగియే వేయవలెను. అంగడిలో కొనిన తినుబండారపు పొట్లముపై పాలున్నవో లేవో వ్రాయవలెనని మన దేశపు 2020 నాఁటి ఆహార నియమములు చెప్పుచున్నవి. దానిని చదువుట తల్లిదండ్రుల ధర్మము. పెండ్లివిందులలో, పేరంటములలో అట్టి వ్రాఁత యుండదు. కావున అత్తలకును, పిన్నులకును, బడిలోని ఉపాధ్యాయులకును ముందే చెప్పి యుంచుట మేలు. ముద్దుకొఱకు పెట్టిన పాలకోవముక్క కీడు చేయుట కాలవ్యవధి కోరదు.

చివరకు సంతోషకరమైన సంగతి. పాల ఎలర్జీ ప్రాయికముగా శాశ్వతము కాదు. నేను మునుపు చెప్పిన డెన్మార్కు శిశువులలో మూఁడేండ్లు నిండునప్పటికి నూటికి 87 మందికి పాలు పడినవి. ఐజీఈ గల పిల్లలకు కాలము కొంత ఎక్కువ పట్టును. అమెరికాలో ఒక పెద్ద వైద్యశాలవారు 2007 లో ప్రకటించిన లెక్కలో నాలుగేండ్లకు నూటికి 19 మంది, ఎనిమిదేండ్లకు 42 మంది, పదునాఱేండ్లకు 79 మంది కోలుకొనిరి. ఇక్కడ రక్తపరీక్ష మరల మనకు పనికివచ్చును. ఏఁడాది కొకమాఱు చేసిన పరీక్షలో అంకె దిగుచున్నచో, పట్టి చూచుటకు తగిన కాలము దగ్గఱపడినదని వైద్యుఁడు గ్రహించును. ఒక్క యంకె చెప్పలేనిదానిని అంకెల వరుస చెప్పఁగలదు. మఱియు 2008 లో న్యూయార్కు వైద్యులు పాలు పడని పిల్లలకు పిండిలో కలిపి చాలసేపు కాల్చిన పాలపదార్థమును పెట్టి చూడఁగా నాలుగింట ఇంచుమించు మూఁడు వంతులవారు దానిని సహించిరి. తీవ్రమైన వేఁడికి ప్రోటీను రూపము మాఱుటయే యిందుకు కారణము. ఇదియు వైద్యశాలలో చేయఁదగినదే గాని వంటింట కాదు.

కాఁబట్టి తల్లిదండ్రులకు నా మనవి యిది. పాలు త్రాగిన వెంటనే బిడ్డకు బాధ కలిగినచో, ఆ దినమును, గడియను, త్రాగిన పరిమాణమును, కనఁబడిన గుర్తులను ఒక కాగితముపై వ్రాసికొనుఁడు. ఊపిరాడనిచో కాగితము మాట విడిచి తక్షణము వైద్యశాలకు పరుగెత్తుఁడు. పాలు త్రాగి సుఖముగా నున్న బిడ్డకు ఊరక యీ పరీక్ష చేయింపకుఁడు. చేయించిన పిమ్మట వచ్చిన యంకెను మీరే చదువక, మీరు వ్రాసికొనిన కాగితమును, ప్రయోగశాల యిచ్చిన కాగితమును రెంటిని కలిపి వైద్యుని చేతికిండు. పాలు మాన్పింపుమని ఆయన చెప్పినచో, బదులేమి పెట్టవలెను, మరల ఎప్పుడు పరీక్షింపవలెను అని తప్పక యడుగుఁడు. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే లేచి రాకుఁడు.

నిప్పు కనఁబడినంతనే పొగ యని కేకవేయక, నిప్పు కనఁబడనంతనే భయము లేదని నిద్రపోక, రెంటిని తఱచి చూచువారి యింట బిడ్డ క్షేమముగా పెరుగును.